అంగడిలో అనర్థదండ విరమణము

శ్రావకుడు స్వీకరించు పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణ మొకటి. తనకుగాని తన కుటుంబమునకుగాని అవసరము లేని చోట ఇతర ప్రాణులకు హాని కలిగించు పనుల నుండి తొలగుట దీని యర్థము. ఇందు నాలుగు భేదములను ఉపాసకదశాంగము చెప్పుచున్నది: చెడు తలపు, ఏమరుపాటు, పాపోపదేశము, హింసాసాధనమును ఇతరుల చేతికిచ్చుట. సమంతభద్రాచార్యులు తమ రత్నకరండ శ్రావకాచారమున దుఃశ్రుతిని కూడ చేర్చి అయిదు చేసిరి. లెక్కలో భేదమున్నను, హింసాదానము విషయమున దిగంబర శ్వేతాంబర సంప్రదాయములు రెండును ఒక్కమాటగా నున్నవి. గొడ్డలి, కత్తి, గునపము, నిప్పు, ఆయుధము, విషము, సంకెల మొదలగు వధసాధనములను ఒకరికిచ్చుటయే హింసాదానము.

ఇచ్చుట వేరు, వెలకట్టి అమ్ముట వేరు గదా యని వర్తకుడు ప్రశ్నింపవచ్చును. దానికి సమాధానము పండ్రెండవ శతాబ్దినాటి హేమచంద్రాచార్యుల యోగశాస్త్రములో నున్నది. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములను వివరించుచు, వారు విషవాణిజ్యమను పేరు క్రిందనే ఆయుధములను, నాగలిని, యంత్రములను, ఇనుమును, హరిదళమును చేర్చిరి. కత్తిని విషముతో ఒకే గంపలో వేసిన ఆ చూపు మిక్కిలి సూక్ష్మమైనది. ఆ రెండును అమ్మినవాని కంటికి కనబడని చోట, అతడెరుగని చేతిలో, అతడెరుగని వేళ పనిచేయును. ప్రతిక్రమణ సమయమున మన యిండ్లలో చదువుకొను వందిత్తు సూత్రములో సైతము ఆయుధము, నిప్పు, రోకలి వంటివి ఇచ్చిన దోషముతోపాటు ఇప్పించిన దోషము కూడ చెప్పబడినది. ఆ "ఇప్పించుట" అను మాటను జ్ఞాపకమందుంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఇంకొక ఆక్షేపణ కలదు. ఋషభదేవుడు ప్రజలకు నేర్పిన ఆరు వృత్తులలో అసి, అనగా ఖడ్గము పట్టు వృత్తి, మొదటిది. వేలూరికి సమీపమున నున్న వళ్ళిమలై కొండమీద జైన గుహాలయమును నెలకొల్పినవాడు గంగరాజైన రాచమల్లుడని అక్కడి శాసనము తెలుపుచున్నది. శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపిన చాముండరాయుడు గంగరాజుల సేనాపతి. ఆయుధము పట్టిన వీరిని శ్రావకులుగా గౌరవించు సమాజము ఆయుధము అమ్మువానిని ఏల వారించవలెను? రాజు తన దేశమును కాచుటకు ఎత్తిన కత్తికి రాజే బాధ్యుడు. ఎవనిమీద, ఎందుకు, ఎప్పుడు ఎత్తినది అతనికి తెలియును. అంగడివాడు కత్తిని ఇచ్చి, డబ్బు గల్లాలో వేసికొని, తరువాతి గిరాకీ వైపు తిరుగును. ఆ కత్తి ఎచ్చటికి పోయినదో వానికి తెలియదు. విరోధిహింసకు గృహస్థునియందు గల సడలింపు తెలియని చేతికి సరకు అందించువానికి వర్తించదు.

వేలూరు లాంగ్ బజారులోను గుడియాత్తము బజారులోను తుపాకులమ్ము జైన కుటుంబములను వెదకవలసిన పని లేదు. మన దేశమున 1962 అక్టోబరు 1 నుండి అమలులో నున్న 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి కొనుటకు లైసెన్సు కావలెను, అమ్ముటకును లైసెన్సు కావలెను. 2019లో జరిగిన సవరణ ఒక మనిషి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించినది. కాని హేమచంద్రాచార్యుల గంప పెద్దది. హార్డువేరు కొట్టులో బోనులు, ఎలుకల మందు, కంచె తీగ ఉండును. ఎరువుల కొట్టులో పురుగుమందు ఉండును. ఆటవస్తువుల కొట్టులో పిట్టల తుపాకి వ్రేలాడును. వీనిలో ఏదైన నొకటి మానవలెనని ఇంట పిల్లవాడో కోడలో అనినపుడు పెద్దలు చెప్పు మాట ఒక్కటే: "గిరాకీ పోతుంది. మనం అమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడు."

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. అంగడి అద్దె, బ్యాంకు వడ్డీ, గుమాస్తాల జీతము, పిల్లల చదువు అన్నియు ఆ గల్లా మీదనే ఆధారపడియున్నవి. గిరాకీ నిజముగా పోవునా, పోయిన ఎంత పోవును, ఎవడు పోవును అని లెక్క చూచుటకు, అట్టి పని పెద్ద యెత్తున చేసి లెక్కలు బయట పెట్టిన వర్తకులు కావలెను. అట్టివారు అమెరికాలో దొరకుదురు. ఆ దేశమున తుపాకి బూట్లతోను గాలములతోను, కొన్ని చోట్ల పాలు రొట్టెలతోను కలిసి ఒకే కప్పు క్రింద అమ్ముడగు సరకు.

డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ అను సంస్థ 1948లో న్యూయార్కు రాష్ట్రపు బింగ్‌హామ్టన్ పట్టణమున పుట్టినది. రిచర్డ్ స్టాక్ అను యువకుడు తన అవ్వ డబ్బాలో దాచుకొన్న 300 డాలర్లతో గాలములు, ఎరలు అమ్ము చిన్న కొట్టు పెట్టెనని ఆ సంస్థవారు చెప్పుకొందురు. 1984లో అది కుమారుడు ఎడ్వర్డ్ స్టాక్ చేతికి వచ్చి దేశమంతట వ్యాపించెను. తండ్రి కొట్టును కొడుకు పెంచిన కథ మన బజారులలో ఇంటింట వినబడునదే.

2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రమందలి శాండీహుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, 6గురు పెద్దలు తుపాకి కాల్పులకు బలియైరి. డిక్స్ వారు సైనికుల తుపాకిని పోలిన రైఫిళ్లను తమ దుకాణముల నుండి తీసివేసిరి. అయితే మరుసటి యేడు ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ అను మరియొక పేరుతో వారే తెరచిన దుకాణములలో అవే రైఫిళ్లు మరల అరలకెక్కెను. ఈ యుక్తి మనకు క్రొత్తది గాదు. తాను మానిన సరకును బావమరది పేరిట బోర్డు వ్రాయించి ప్రక్కవీధిలో అమ్మించువారు మన నడుమను లేకపోలేదు. "ఇప్పించుట" అను మాటను సూత్రకారులు ఊరక వేయలేదు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడా రాష్ట్రపు పార్క్‌ల్యాండులో మరియొక పాఠశాలలో 17 మంది చనిపోయిరి. హంతకుని పేరు బయటపడగానే డిక్స్ వారు తమ అమ్మకపు పుస్తకములు వెదకిరి. 2017 నవంబరులో ఆ మనిషికి తామే ఒక తుపాకి అమ్మినట్లు తేలెను. హత్యలకు వాడినది ఆ తుపాకి కాదు. అమ్మకములో చట్టవిరుద్ధమైన దేదియు లేదు. అయినను ఎడ్వర్డ్ స్టాక్ మనసు కుదుటపడలేదు. తానును తుపాకి గలవాడే. ఫిబ్రవరి 28న అతడు మూడు సంగతులు ప్రకటించెను: ఆ జాతి రైఫిళ్లు ఏ పేరుగల దుకాణములోను ఇక అమ్మబడవు, ఎక్కువ గుండ్లు పట్టు పెట్టెలు అమ్మబడవు, 21 ఏండ్లు నిండనివారికి ఏ తుపాకియు అమ్మబడదు. గోదాములో మిగిలిన సుమారు 50 లక్షల డాలర్ల విలువగల రైఫిళ్లను తయారీదారులకు త్రిప్పి పంపక, మరియొకరికి చౌకగా ఇయ్యక, ముక్కలు చేయించి పాత ఇనుముగా మార్పించెను.

గిరాకీలు ఏమి చేసిరి? కొందరు ఆ గడప మరల త్రొక్కమని ప్రకటించి నిజముగానే త్రొక్కలేదు. 62 మంది ఉద్యోగులు పని విడిచిరి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, మాస్‌బర్గ్ అను తుపాకి కంపెనీలు డిక్స్‌తో సంబంధము తెంచుకొనెను. ఇంకొక ప్రక్క, ఎన్నడు రానివారు వచ్చి కొనిరి, మెచ్చుకొనుచు ఉత్తరములు వ్రాసిరి. కడకు నష్టము సుమారు 25 కోట్ల డాలర్లని స్టాక్ తానే చెప్పెను. "ధర్మము చేసిన వ్యాపారము పెరుగును" అని సులభముగా పలుకు వక్తలు ఈ అంకెను ఒకసారి చూడవలెను.

ఈ నష్టము ఎట్లు వచ్చినదో వర్తకునకు వివరింప నక్కరలేదు. వేటగాడు తుపాకి యొక్కటే కొనడు. బూట్లు, కోటు, గుడారము, కొడుకునకు బంతి కూడ అక్కడనే కొనును. అలిగిన గిరాకీ ఒక వస్తువుతో పోడు, తన జాబితా యంతయు మోసికొని పోవును. మెచ్చుకొన్నవాడు ఒక జోడు బూట్లు కొని తన దారిన పోవును. కోపము వచ్చినవాడు ఏండ్లు జ్ఞాపకముంచుకొనును. వ్రతము పట్టువాడు మొదటి యేడు లెక్కలో మెప్పును జమ వ్రాసికొనరాదు.

అయినను కథ అంతటితో ఆగలేదు. డిక్స్ వారు 10 దుకాణములలో వేటకు సంబంధించిన సరకంతయు తీసివేసి, ఆ స్థలమున ఆ ఊరివారికి కావలసిన ఇతర క్రీడాసామగ్రి నింపి చూచిరి. అమ్మకములు బాగుండుటచే 2019లో మరి 125 దుకాణములలో అట్లే చేసిరి. ఖాళీయైన అరను ఖాళీగా నుంచి ఎవరును వ్యాపారము చేయలేరు. సరకు మానుట సగము పని, ఆ చోట మరేమి పెట్టవలెనని ఆలోచించుట మిగిలిన సగము.

వాల్‌మార్ట్ దారి వేరు. 1993లోనే అలాస్కా తప్ప తక్కిన దేశమంతట చేతితుపాకులు మానినది, 2015లో సైనిక పద్ధతి రైఫిళ్లు మానినది. 2019 ఆగస్టు 3న ఎల్ పాసో నగరములో దాని దుకాణములోనే కాల్పులు జరిగెను. గాయపడి తరువాత మరణించినవారితో కలిసి చనిపోయినవారు 23 మంది. సెప్టెంబరు 3న ఆ సంస్థ చేతితుపాకి గుండ్లను, సైనిక పద్ధతి తుపాకులకు పనికివచ్చు కొన్ని గుండ్లను మానుదుమని చెప్పెను. దేశపు గుండ్ల వ్యాపారములో తన వాటా ఇంచుమించు నూటికి 20 నుండి 6, 9ల నడుమకు పడిపోవునని ముందుగానే బహిరంగముగా తెలిపెను. ఇది మెచ్చదగినది. కాని చేతిలోనున్న సరకు అమ్ముడుపోయిన తరువాతనే మానుదుమనెను. స్టాక్ ముక్కలు చేయించిన చోట వాల్‌మార్ట్ అమ్మి ముగించినది. వ్రతము సరకు మీదనా, లాభము మీదనా అను ప్రశ్న ఇక్కడ బయటపడును. రేపటి నుండి విషమని తెలిసినది ఈ దినము అమృతము కాజాలదు.

కొనువారి కోపములో ఇంకొక తరగతి యున్నది. ఓరెగాన్ రాష్ట్రములో 20 ఏండ్ల యువకుడు తనకు తుపాకి అమ్మలేదని డిక్స్ మీదను వాల్‌మార్ట్ మీదను దావా వేసెను. ఆ రాష్ట్రపు చట్టము వయసునుబట్టి గిరాకీల నడుమ భేదము చూపరాదనుచున్నదని అతని వాదము. సరకునే తీసివేసిన యెడల గిరాకీ అంగడిమీద కోపించును. సరకు అరలో నుండగా "నీకు ఇవ్వను" అనిన యెడల అవమానమని తలచును. మొదటి కోపము చల్లారును. రెండవది ఇంటికి పోయి నలుగురితో చెప్పబడును.

అట్లని మనిషిని చూచి ఆపవలసిన సమయము ఎన్నటికిని రాదనుకొనరాదు. 2009లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున వారము తిరుగకముందే, ఒకరితో నొకరికి పరిచయము లేని ముగ్గురు ఒకే అంగడిలో తుపాకులు కొని, కొన్న కొన్ని గంటలలోనే ఆత్మహత్య చేసికొనిరి. అటు పిమ్మట అక్కడి తుపాకి వర్తకులు, వైద్యారోగ్య కార్యకర్తలు కలిసి కూర్చుండి, దుఃఖములో నున్న గిరాకీని గుర్తించుట యెట్లు, అమ్మక మాపుట యెట్లు అని వర్తకులకు సూచనలు తయారుచేసిరి. ఆ వర్తకులు తుపాకి వ్యతిరేకులు గారు. తుపాకి వలననే జీవించువారు.

ఇచ్చట వేలూరు వారికి సంగతి దగ్గరకు వచ్చుచున్నది. మన బజారులో తుపాకి స్థానమున ఉన్నవి ఎలుకల మందు, పురుగుమందు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఎలుకల మందు వలన కాలేయము చెడినవారికి రక్తములోని ప్లాస్మాను మార్చి చికిత్స చేయుచున్నారు. వారిలో యువతీయువకులు కలరు. ఏ మందు ఏ కొట్టులో కొన్నదో ఆసుపత్రి చీటీలో నుండదు. కొట్టువానికి ఆ సంగతి ఎన్నడు తెలియదు. హింసాదానము యొక్క లక్షణమే ఇది.

ఈ విషయమున "ప్రక్కవాడు అమ్మును" అను వాదమునకు శ్రీలంక మంచి జవాబు చెప్పినది. అక్కడ మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను 1995లోను, ఎండోసల్ఫానును 1998లోను ఆపివేసిరి. సుమారు పది సంవత్సరములలో ఆత్మహత్యల రేటు సగమునకు దిగెను. పంట దిగుబడి తగ్గలేదు. ఒక్క నిమిషపు దుఃఖములో మందు కొరకు బయలుదేరిన మనిషి, మొదటి అంగడిలో దొరకకున్న తప్పక రెండవ అంగడికి పోవునని లెక్క లేదు. ఆ నడకలో ఒక పరిచయస్థుడు ఎదురుపడవచ్చును, ఏడుపు రావచ్చును, ఇల్లు జ్ఞప్తికి రావచ్చును. అక్కడి అనురాధపురము ప్రాంతమున పురుగుమందుల దుకాణదారులకు శిక్షణ ఇచ్చి, త్రాగివచ్చినవారికి, కలతతో నున్నవారికి అమ్మకుండు ప్రయత్నము కూడ జరిగినది.

గుడియాత్తములో గిరాకీ ముఖము వేరు. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యము కలదు. అడవి అంచున పొలమున్న రైతునకు అడవిపంది, ఏనుగు నిజమైన శత్రువులు. రాత్రికి రాత్రి వేరుసెనగ చేను దున్నినట్లగును. అతడు కొట్టుకు వచ్చి ఉచ్చులకు తీగ అడుగును, కంచెకు కరెంటు పెట్టుటకు తీగ అడుగును. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి ప్రాంతమున అట్టి అక్రమపు కరెంటు కంచె తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చెను, రెండు పిల్లలు మిగిలెను. తీగ అమ్మినవాడు ఏనుగును చంపెదనని అనుకొని యుండడు. కాని ఈ రైతునకు "జీవహింస మహాపాపము" అని ఉపన్యసించి పంపిన యెడల, అతడు మరల రాడు. రాకపోవుటలో అతని తప్పు లేదు. చేను పోయినవానికి ఉపదేశము ఏమి చేసికొనవలెను?

ఆ గిరాకీతో మాటలాడు తీరు ఒకటి ఇట్లుండవచ్చును.

"సేటూ, సన్న తీగ ఇరవై మీటర్లు ఇయ్యండి, పందులకు."

"ఉచ్చుకు తీగ మా కొట్లో ఇయ్యం అన్నా. ఎవరికీ ఇయ్యం. ఇది మా ఇంటి నేమం, నీ మీద అనుమానం కాదు. నష్టానికి ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టినావా?"

"వాళ్లిచ్చేది ఎప్పుడు, నా చేను ఎండేది ఎప్పుడు?"

"నువ్వనేది నిజమే. కాగితాలు పట్టుకొని రా, మా పిల్లోడు రాసిపెడతాడు. చేని చుట్టూ కట్టుకునే ముళ్ల కంచె కావాలంటే అప్పు మీద ఇస్తాను, పంటకు కట్టు."

ఇందు నాలుగు సంగతులున్నవి. నియమము అందరికిని ఒకటే యని చెప్పుట, అనుమానము లేదని చెప్పుట, అతని కష్టము నిజమని ఒప్పుకొనుట, చేతనైన మరియొక సాయము చూపుట. మూడవదానిని మనవారు ఎక్కువగా మరతురు. పంట కాపాడుకొనుటకై మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చు నిబంధన ఆయుధముల చట్టములోనే కలదు. రైతు ఆ దారిన పోదలచిన అది అతనికిని ప్రభుత్వమునకును నడుమనున్న సంగతి. వ్రతము పట్టినవాడు తన చేతిని నియమించుకొనును, రైతు చేతిని కాదు.

పిట్టల తుపాకి విషయములో ఇంత చిక్కు లేదు. పంట కాపుదలకు గాక ఉడుతల మీదను పావురముల మీదను గురి చూచుటకే పిల్లలు దానిని కొందురు. అరుణాచల ప్రదేశమున 2021 మార్చి 17న ప్రారంభమైన ఉద్యమములో గ్రామస్థులు తమ పిట్టల తుపాకులను తామే తెచ్చి అప్పగించిరి, ఆ సంఖ్య 2,000 దాటెను. కొనినవారే త్రిప్పియిచ్చుచుండగా అమ్మువాడు సందేహింపనేల? మహావీరస్వామి నిర్వాణదినమైన దీపావళినాడు పిల్లలకు కేపుల తుపాకి అమ్ముకొను అంగడిని గూర్చి వేరుగా చెప్పవలసినది లేదు.

గుడియాత్తము అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరు పడిన ఊరు. సూత్రములో నిప్పు కూడ నున్నది గనుక అగ్గిపెట్టెయు మానవలెనా యని కొందరు పరిహాసముగా అడుగుదురు. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని చూచిన ఇది పరిహాసముగా మిగులదు. వాణిజ్యగ్రామమున అతనికి నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారములో నాలుగు కోట్లు, గృహపరికరములలో నాలుగు కోట్ల బంగారము, 40,000 గోవులు, 500 నాగళ్లు ఉండెను. మహావీరస్వామి యెదుట అతడు వానినన్నిటిని వదలలేదు. ఒక్కొక్కదానికి హద్దు చెప్పి, ఇంతకు మించి వలదనెను. తన అంగడిలో ఏది పొయ్యి వెలిగించునది, ఏది ప్రాణము తీయునది అని అరవెంబడి అర చూచి జాబితా వ్రాయుట అట్టి పనియే. పర్యూషణములో కుటుంబము ఒకచోట చేరు దినములు దీనికి అనువైనవి. జాబితా ప్రక్కన, మానిన సరకుపై గత సంవత్సరము వచ్చిన లాభమును కూడ వ్రాయవలెను. ఎంత వదలుకొనుచున్నామో ఇంటిలో అందరికి తెలియవలెను.

గల్లా మీద యజమాని యుండని వేళలు కలవు. మధ్యాహ్నము గుమాస్తా యుండును, సాయంకాలము కుమారుడుండును. అమ్మకముపై కమీషను గల గుమాస్తాకు యజమాని వ్రతముతో పని లేదు. కనుక మానిన వస్తువుపై అతనికి పోవు కమీషను మరియొక రీతిగా పూడ్చిననే నియమము మధ్యాహ్నపు వేళకూడ నిలుచును. ఆనందుడు వ్రతము గైకొని ఇంటికి పోయి మొదట చేసిన పని, తన భార్య శివానందకు ఆ సంగతి చెప్పి, నీవును పోయి స్వామిని దర్శించి వ్రతములు గైకొనుమని కోరుట. ఆమె బండి కట్టించుకొని ఆ దినమే పోయెను.